రెండు పుట్లకు మూడు పుట్లు కలిపితే 23 ఎలా అవుతోంది?

ప్రశ్న (కావలి): మా నాన్నగారి కోసం పుట్లను కిలోలుగా మార్చే చిన్న వెబ్ పేజీ రాస్తున్నాను. మా నెల్లూరు లెక్కలో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. పేజీలో అంకెలు టైపు చేసే రెండు పెట్టెల్లో 2, 3 ఇస్తే 4,250 రావలసింది, 19,550 వస్తోంది. తప్పెక్కడుందో దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు): పెట్టెలో టైపు చేసినది అంకెలా కనిపించినా, పేజీని నడిపే భాష అయిన జావాస్క్రిప్ట్‌కు అది అక్షరాల వరుసే కనుక, కూడిక గుర్తు 2 పక్కన 3ను అతికించి 23 చేసింది; ఆ తరువాత గుణకారం మాత్రం దానిని సంఖ్యగా మార్చుకొని 850తో హెచ్చవేసింది. కూడకముందే రెండు విలువలనూ విడివిడిగా, అక్షరాలను సంఖ్యగా మార్చే నంబర్ (Number) ఫంక్షన్‌లో పెట్టండి.

జవాబు (ఆత్మకూరు): పైవారు చెప్పినది సరైనదే. అయితే ఖాళీ పెట్టెను ఆ ఫంక్షన్ సున్నాగా తీసుకుంటుంది కాబట్టి ముందుగా ఖాళీని పరీక్షించండి. ధాన్యం లెక్కలో చెప్పకుండా చేరే సున్నా రైతుకు నష్టం.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడు 4,250 వచ్చింది. ధన్యవాదాలండి.