కాలేజీ సర్వరులో ఎక్స్ ఫార్వర్డింగు: తెరిచి ఉంచాలా, మూసేయాలా?

నల్లరేగడి (కర్నూలు)
నేను కర్నూలు దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీలో ఈసీఈ గెస్ట్ లెక్చరర్‌ను. మా ల్యాబులో ఉబుంటు (లినక్స్) నడిచే ఒక సర్వరు ఉంది. పిల్లలు ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు కంప్యూటరులోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) అందులోకి వెళ్లి వెరిలాగ్ అనే సర్క్యూట్ల భాషలో కోడు రాస్తారు, ఐకారస్ సిమ్యులేటరుతో నడుపుతారు, జీటీకేవేవ్‌లో సిగ్నళ్ల తరంగాలు చూసుకుంటారు. సర్వరులో నడిచే ప్రోగ్రాము కిటికీని (విండోను) మన తెర మీదకు తెచ్చేది ఎక్స్ ఫార్వర్డింగు. ల్యాబులో కూర్చుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇంటి దగ్గర విండోస్ ల్యాప్‌టాపులో వీసీఎక్స్‌సర్వ్ (ఎక్స్ కిటికీలను విండోస్‌లో చూపించే ప్రోగ్రాము) నడుపుతూ పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాముతో వచ్చినప్పుడు ముగ్గురికి మాత్రం జీటీకేవేవ్ కిటికీ రావడం లేదు. డిస్‌ప్లే దొరకలేదని ఒక లైను చూపించి ఆగిపోతోంది. మిగతా వాళ్లకు అదే పద్ధతిలో చక్కగా వస్తోంది.

ఈ ముగ్గురి కోసం సర్వరు చూసే ఆయన దగ్గరకు వెళ్తే, అసలు అందరికీ ఎక్స్ ఫార్వర్డింగు మూసేస్తానన్నారు. 'ల్యాబుకు వచ్చి చూసుకోమనండి' అన్నారు. ఇది సబబేనా?

గడియారస్తంభం (అనంతపురం)
ఇందులో చర్చించడానికి ఏముంది మేడమ్? పిల్లలు ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశంలో పెద్ద ఎక్స్ (-X) పెడుతున్నట్టున్నారు. పెద్ద వై (-Y) పెట్టమనండి. పదేళ్లుగా నేను చేసేది అదే, ఒక్కసారి కూడా మొండికేయలేదు. పెద్ద ఎక్స్‌తో వస్తే ఆ ప్రోగ్రామును పరాయివాడిలా చూస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక కొత్త కిటికీ తెరవనివ్వదు. వైతో ఆ బాధ లేదు.

గండికోట (కడప)
ఇలాంటి సలహాల వల్లే సర్వర్లు చూసేవాళ్ల జుట్టు తెల్లబడుతోంది. వై పెట్టడమంటే 'అవతలి ప్రోగ్రామును పూర్తిగా నమ్ముతున్నాను' అని రాసివ్వడం. ఎక్స్ అనే ఈ కిటికీల వ్యవస్థ 1984లో ఎంఐటీలో పుట్టింది. ఇప్పుడు మనం వాడే పదకొండో రూపం 1987 నాటిది. ఒకరినొకరు ఎరిగినవాళ్లు ఒకే ప్రాంగణంలో వాడుకున్న సరుకు అది. ఒక కిటికీకి, పక్క కిటికీకి మధ్య గోడ కట్టలేదు. నమ్మకం మీద లోపలికి వచ్చిన ప్రోగ్రాము పక్క కిటికీలో మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చదవగలదు.

మీ సర్వరాయన చేసేదాంట్లో తప్పేమీ లేదమ్మా. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్లే సర్వరు వైపు ఎక్స్ ఫార్వర్డింగును మూసి ఇస్తారు. తెరిచి ఇచ్చేది డెబియన్, ఉబుంటు వాళ్లు.

కేసీకాలువ (కడప)
ఆ ముగ్గురికి లాగిన్ అయిన వెంటనే ఎక్స్ఆథ్ అనే మాటతో ఏదైనా లైను కనిపిస్తోందా?

నల్లరేగడి
అడిగి చెబుతాను. ఈలోగా ఒక మాట. పిల్లలు వాడేది పుట్టీ. దాని కిటికీలో పెద్ద ఎక్సూ లేదు, పెద్ద వైయ్యీ లేదు. ఒక టిక్కు ఉంటుంది, అంతే.

గడియారస్తంభం
గండికోట గారు ఇరవై నిమిషాల సంగతికి జవాబు చెప్పకుండా చరిత్ర పాఠం చెప్పారు. పైగా ఉబుంటు నుంచి వచ్చేవాళ్లకు అన్నీ నమ్మదగినవే అన్న సెట్టింగు ముందే ఉంటుంది. అక్కడ ఎక్స్ పెట్టినా వై పెట్టినా ఒకటే. మరి ఉబుంటు వాళ్లందరూ అమాయకులా?

ఉగ్గాని (కర్నూలు)
రెండూ ఒకటే అయితే 'వై పెట్టండి, పోతుంది' అన్న మీ మొదటి సలహాకు అర్థం ఏమిటి?

ఇంకో మాట. అందరూ 'సర్వరు, సర్వరు' అంటున్నారు. ఎక్స్ లెక్కలో సర్వరు కాలేజీలో లేదు, ఇంటి దగ్గరున్న విద్యార్థి ఒళ్లో ఉంది. తెర, కీబోర్డు ఎవరి దగ్గరుంటే వాళ్లది సర్వరు. కాలేజీ పెట్టెలో నడిచే జీటీకేవేవ్ క్లయింటు. ముందు ఇది సరిచేసుకుంటే తప్ప సగం మాటలు తలకిందులుగానే ఉంటాయి.

గండికోట
ముప్పై పెట్టెలు చూసుకునేవాడికి ఏది సర్వరో మీరు చెప్పనక్కర్లేదు.

ఉగ్గాని
చెప్పాల్సి వచ్చింది కాబట్టే చెప్పాను. అక్షరాలు దొంగిలించే ప్రమాదం ఎక్స్ సర్వరుకు, అంటే ల్యాప్‌టాపుకు. మీరు కాపాడతానంటున్నది అవతలి పెట్టెను. అదీగాక విండోస్‌లో బ్రౌజరు ఎక్స్ కిటికీ కాదు. వీసీఎక్స్‌సర్వ్‌లోకి వచ్చిన ప్రోగ్రాముకు ఆ సర్వరులో ఉన్న కిటికీలే కనిపిస్తాయి, బ్యాంకు పేజీ కనిపించదు.

గండికోట
క్లిప్‌బోర్డు మాటేమిటి? వీసీఎక్స్‌సర్వ్ విండోస్ క్లిప్‌బోర్డును ఎక్స్‌తో పంచుకుంటుంది. పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించే అలవాటు లేని విద్యార్థిని ఒక్కరిని చూపించండి.

తుమ్మచెట్టు (ఆదోని)
మా తమ్ముడు చిన్న ఎక్స్ కొట్టి రెండు రోజులు తల పట్టుకున్నాడు. చిన్నది పెడితే ఫార్వర్డింగు ఆగిపోతుందట. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

గడియారస్తంభం
క్లిప్‌బోర్డు పంచుకోవద్దని వీసీఎక్స్‌సర్వ్ మొదలుపెట్టేటప్పుడే టిక్కు తీసేయొచ్చు. దానికోసం ఊరంతటికీ తలుపు మూస్తారా? పేరులోనే కోట ఉంది, తీసే ఉద్దేశం ఎలా ఉంటుంది లెండి.

గండికోట
పేరు దాకా వచ్చారు కాబట్టి నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా ల్యాబులో ఒక కుర్రవాడు ఏదో వీడియో చూసి ప్రతి కంప్యూటరులో ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టి వదిలాడు. అంటే ఎవరు వచ్చినా రానివ్వమని. ప్రాక్టికల్ పరీక్ష రోజు, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కూర్చున్న తెర మీద రెండు కళ్లు ప్రత్యక్షమయ్యాయి. మౌసు ఎటు కదిలితే అటు చూసే ఆ ఎక్స్‌ఐస్ బొమ్మ. తర్వాత నాలుగు, తర్వాత నలభై. ఆయన లేచి వెళ్లిపోయారు. కుర్రవాడికి ఏమీ కాలేదు. మెమో వచ్చింది నాకు. 'పర్యవేక్షణ లోపం' అని. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో ఉంది. అప్పటి నుంచి అడిగినా అడగకపోయినా మూసేయడమే.

గడియారస్తంభం
అన్నా, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఎక్స్‌హోస్ట్‌కు, ఎస్‌ఎస్‌హెచ్‌కు సంబంధం ఏమిటి? ఎస్‌ఎస్‌హెచ్ దారిలో వచ్చే కనెక్షను అవతలి పెట్టెలో లోకల్‌హోస్ట్ (ఆ పెట్టె లోపలికే పరిమితమైన చిరునామా) మీద మాత్రమే వింటుంది, మామూలుగా 6010 పోర్టు నుంచి మొదలు. దానికి కుకీ, అంటే లోపలికి రానిచ్చే రహస్య సంకేతం, ఉండాలి. ఆ కుకీ కూడా అసలుది కాదు. ఎస్‌ఎస్‌హెచ్ ఒక దొంగ కుకీ పుట్టించి అవతలికి పంపి, వెనక్కు వచ్చినప్పుడు ఇక్కడ అసలుదానితో మారుస్తుంది. మీ కళ్ల బొమ్మలు రావడానికి ఇందులో దారే లేదు.

ఇంకా వినండి. ఎక్స్ ఫార్వర్డింగు సెట్టింగు గురించి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మాన్యువల్‌లోనే ఉంది, దీన్ని మూసినంత మాత్రాన ఎక్స్ రాకపోకలు ఆగవని, వాడేవాళ్లు తమ సొంత ఫార్వర్డరు పెట్టుకోవచ్చని. అదే మాన్యువల్‌లో ప్రమాదం ఎవరి నుంచో కూడా ఉంది. అవతలి పెట్టెలో ఫైలు అనుమతులను దాటగలిగినవాళ్ల నుంచి. అంటే రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా). రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? మీ దగ్గరే కదా. అయితే పిల్లలు భయపడాల్సింది మీకేనా?

గండికోట
ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఒక్క విద్యార్థి ఫైలు కూడా తెరిచి చూసినవాడిని కాను. ముఖం కూడా తెలియని మీరు నన్ను దొంగను చేశారు. చాలు. ఇక మీరు మాట్లాడుకోండి.

ఉగ్గాని
ఆయన అన్నది రూట్ గురించి, మీ గురించి కాదు. అయినా ఆ వాక్యం వెనక్కు తీసుకుంటే బాగుంటుంది.

గడియారస్తంభం
నేను రాసింది సాంకేతికంగా నిజం. బాధపడితే క్షమించండి. వాక్యం మాత్రం ఉంటుంది.

నల్లరేగడి
మీ ముగ్గురూ కొట్టుకుంటున్నది నా ప్రశ్న గురించి కాదు. మా పిల్లల్లో సగం మంది ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు పల్లెల నుంచి వస్తారు. ల్యాబు నాలుగున్నరకు తాళం. ఐదు దాటితే ఆ ఆడపిల్లలు ఊళ్లకు చేరడం ఎలాగో మీకు తెలుసా? హాస్టలు ఉన్నవాళ్లకు ల్యాబు, లేనివాళ్లకు ఈ పుట్టీ. మీరు మూసేది ఏదో ప్రమాదాన్ని కాదు, వాళ్లనే. గండికోట గారూ, మీ మెమో బాధ నాకు అర్థమైంది. కానీ మీరు చెబుతున్నది భద్రత కాదు. మళ్లీ మెమో రాకుండా చూసుకోవడం. దానికి 1984 నాటి చరిత్ర అడ్డం పెట్టకండి.

గండికోట
వెళ్లిపోతానన్నాను, పోలేకపోయాను. సరే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అవును, అదే. నేను ఇప్పటికీ కాంట్రాక్టు ఉద్యోగినే. ప్రతి ఏడాదీ రెన్యూవల్ కాగితం కోసం ఎదురుచూస్తాను. తెరిచిన తలుపు వల్ల నలభై మంది పిల్లలు బాగుపడితే నా పేరు ఎవరూ తలచరు. ఒక్క పొరపాటు జరిగితే 'ఎవరు తెరిచారు' అన్న ప్రశ్నకు జవాబుగా ఉండేది నా పేరే. మీరు సెమిస్టరు అయ్యాక ఇంకో కాలేజీకి వెళ్లిపోవచ్చు. తెరవమని నోటితో చెప్పేవాళ్లు చాలామంది. రాసివ్వమంటే ఒక్కరూ కలం తీయరు. మీ సర్వరాయన చేత తెరిపించాలంటే మీ హెచ్‌ఓడీ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించండి. అప్పుడు చూడండి ఎంత త్వరగా తెరుస్తాడో.

నల్లరేగడి
నాకు గంటకు లెక్కగట్టి ఇస్తారు సార్. సెమిస్టరు అయ్యాక వెళ్లిపోతానా, పంపేస్తారా అన్నది కూడా నా చేతిలో లేదు. సంతకం అడిగే స్థానంలో నేను ఉన్నానని మీరు అనుకుంటున్నారు.

గండికోట
అలాగైతే మనిద్దరం ఒకే గట్టు మీద ఉన్నాం. ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత రాయించేవారు కాదు.

ఉగ్గాని
అసలు ఫార్వర్డింగు ఎందుకు? జీటీకేవేవ్ విండోస్‌లోనూ నడుస్తుంది. సర్వరులో సిమ్యులేషను చేసి, తరంగాలు దాచే వీసీడీ ఫైలును ఇంటికి తెచ్చుకుని అక్కడే చూడొచ్చు. ఎక్స్ ప్రతి చిన్న కదలికకూ అటూ ఇటూ ఉత్తరాలు నడుపుతుంది. పల్లెలో సెల్ సిగ్నలు మీద అది నత్తనడకే. కంప్రెషను పెడితే బరువు తగ్గుతుంది గానీ దూరం తగ్గదు.

నల్లరేగడి
ఆ ముగ్గురిలో ఒకరి వీసీడీ రెండు జీబీ పైనే ఉంది. వాళ్ల ఫోనులో రోజుకు వచ్చేదే ఒకటిన్నర జీబీ.

కేసీకాలువ
రెండు జీబీనా? మూడో సెమిస్టరులో చేసే కౌంటరు సర్క్యూటుకు రెండు జీబీ తరంగాలా? టెస్ట్‌బెంచ్‌లో (సర్క్యూటును పరీక్షించే కోడు) ఫినిష్, అంటే సిమ్యులేషను ఆపే మాట, పెట్టలేదు. గడియారం తిరుగుతూనే ఉంటుంది, ఫైలు పెరుగుతూనే ఉంటుంది. ఒక్కొక్కరికీ హోంలో (సర్వరులో వాళ్ల సొంత ఫైళ్లుండే చోటు) కోటా ఎంత? ఆ ముగ్గురిదీ నిండిందేమో చూడండి. ఎక్స్ఆథ్ లైను గురించి ఇంకా చెప్పలేదు.

నల్లరేగడి
ఇప్పుడే ఫోనులో కనుక్కున్నాను. ఇద్దరికి లాగిన్ అవగానే ఎక్స్ఆథ్ అథారిటీ ఫైలును రాయలేకపోయిందని ఒక లైను వస్తోందట. రోజూ వస్తోంది కాబట్టి అదేదో మామూలే అనుకున్నారట. ఇద్దరి కోటా పూర్తిగా నిండింది.

కేసీకాలువ
అదే సంగతి. లాగిన్ అయినప్పుడు కుకీని హోంలోని చుక్క ఎక్స్అథారిటీ ఫైలులో రాయాలి. చోటు లేకపోతే రాయలేదు. కుకీ లేనిదే కిటికీ లేదు. ఎక్స్, వై, రూట్, గోడలు, కోటలు, వేటికీ సంబంధం లేదు. వీసీడీలు తుడిపించండి, టెస్ట్‌బెంచ్‌లో ఫినిష్ రాయించండి. ఇకపై పెద్ద ఫైలైతే వీసీడీటూఎఫ్ఎస్‌టీతో మార్చుకోమనండి, జీటీకేవేవ్‌తోపాటే వస్తుంది. ఎఫ్ఎస్‌టీ చాలా చిన్నదవుతుంది. అప్పుడు ఉగ్గాని గారు చెప్పినట్టు ఇంటికి తెచ్చుకోవడం కూడా కుదురుతుంది.

మూడో ఆమెకు డిస్‌ప్లే వేరియబుల్‌లో (కిటికీ ఏ తెరకు పంపాలో చెప్పే సెట్టింగు) ఏముందో ఎకో ఆదేశంతో చూడమనండి. లోకల్‌హోస్ట్ కోలన్ పది చుక్క సున్నా లాంటిది ఉండాలి.

నల్లరేగడి
ఆమెకు కోలన్ సున్నా అని వస్తోంది. ఏదో వీడియో చూసి లాగిన్ అవగానే నడిచే బాష్‌ఆర్‌సీ ఫైలు చివర ఆ లైను రాసిందట.

కేసీకాలువ
ఆ లైను తీసేయమనండి. ఎస్‌ఎస్‌హెచ్ సరిగ్గా పెట్టినదాన్ని అది చెరిపేస్తోంది. ఒక అనుమానం మిగిలింది. కోటా నిండితే ల్యాబులో ఎలా వచ్చింది?

నల్లరేగడి
ల్యాబులో అందరూ ఒకే ఉమ్మడి ఖాతాతో లాగిన్ అవుతారు.

గండికోట
ఉమ్మడి ఖాతా! ఎక్స్ ఫార్వర్డింగు ప్రమాదమని నేను మొత్తుకుంటుంటే మీ సర్వరాయన అరవై మందికి ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాడా? ముందు అది మూయించండి.

ఇక ఫార్వర్డింగు సంగతి. అందరికీ తెరవక్కర్లేదు, అందరికీ మూయక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైలులో పైన ఎక్స్11ఫార్వర్డింగ్‌కు నో పెట్టి, చివర మ్యాచ్ గ్రూప్ అని మీ పిల్లల గ్రూపు పేరు రాసి, దాని కింద యెస్ పెడితే చాలు. మీ సర్వరాయనకు చూపించండి. నా పేరు చెప్పకండి.

గడియారస్తంభం
చూశారా, చివరికి తెరవమనే అన్నారు.

గండికోట
సంతకం ఉంటేనే అన్నాను. పైన చదవండి.

నల్లరేగడి
ముగ్గురికీ కిటికీ వచ్చింది. కాగితం రాసి హెచ్‌ఓడీ గారి బల్ల మీద పెట్టాను. 'చూద్దాం' అన్నారు.

తుమ్మచెట్టు
మా తమ్ముడి టెస్ట్‌బెంచ్‌లో కూడా ఫినిష్ లేదు. ఇప్పుడే చూశాను.