రూమంతటికీ రోజూ ఒకరి లాప్‌టాప్ హాట్‌స్పాటేనా, రౌటర్ కొనాలా?

బైరాగిపట్టెడ_మేడమీద

అందరికీ నమస్తే. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక పీజీలో నలుగురం ఉంటున్నాం. నేను ఎస్వీయూలో ఎంసీఏ. మిగతా ముగ్గురూ గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. రూముకు ఒక లాన్ వైరు, ఒక లాగిన్ ఇచ్చారు. ఆ వైరు నా లాప్‌టాప్‌కు పెట్టి, విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అందరి ఫోన్లూ, ఒకరి ట్యాబ్ దానికే కనెక్ట్ అవుతాయి. స్పీడుకు ఢోకా లేదు.

గొడవంతా నేను క్లాసుకు బయల్దేరినప్పుడే. లాప్‌టాప్ తీసుకెళ్తే రూములో నెట్ పోతుంది. "ఇక్కడే పెట్టి పోరా, క్లాసులో దాంతో నీకేం పని" అంటారు. రౌటర్ కొందామంటే "జరిగిపోతోంది కదా, మళ్ళీ ఖర్చెందుకు" అంటారు. రోజువారీ వాడకానికి ఇది సరైన పద్ధతేనా? నేను అడిగేది డబ్బు గురించి మాత్రమే కాదు.

చంద్రగిరి_డిగ్రీ

సరైనదే అన్నా. మా రూములో ఇలాగే నడుస్తోంది, ఎవరికీ ఇబ్బంది లేదు. చేతిలో ఉన్న మెషీనే రౌటర్ పని చేస్తుంటే ఇంకో డబ్బా ఎందుకు? విండోస్ హాట్‌స్పాట్‌కు 8 డివైస్‌ల దాకా కలుపుకోవచ్చు. మీరు నలుగురే. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో బతికేవాళ్ళం, వెయ్యి రూపాయలంటే మెస్సులో ఎన్ని పూటలో లెక్కేసుకోండి. నెలలో నాలుగు రోజులు మీరు లాప్‌టాప్ వదిలి వెళ్తే ఫ్రెండ్స్ చదువు ఆగదు.

కొర్లగుంట_సర్వీస్

తమ్ముడూ, కంప్యూటర్ రిపేరు షాపు నడిపేవాణ్ణి, ఈ సంగతి కాస్త వివరంగానే చెప్పాలి.

లాప్‌టాప్ నుంచి నెట్ పంచుకోవడం కొత్తేమీ కాదు. విండోస్ 98 రెండో ఎడిషన్‌లోనే ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ వచ్చింది. విండోస్ 7 రోజుల్లో నల్ల స్క్రీన్ తెరిచి 'నెట్‌ష్' కమాండ్ కొడితే గానీ హాట్‌స్పాట్ లేచేది కాదు. 2016లో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌తో అది ఒక్క బటన్ అయింది. అప్పటి నుంచి అందరూ వాడుతున్నారు, మంచిదే. పని చేస్తుందా అంటే చేస్తుంది, అందులో అనుమానం లేదు.

మీకు స్పీడ్ బాగా రావడానికి కారణం వైరు. లాన్ వైరులో లోపలికొచ్చిన నెట్‌ను వై-ఫైలో బయటికి పంపుతున్నారు కాబట్టి రెండూ వేరు వేరు దారులు. వై-ఫైలోనే తీసుకుని వై-ఫైలోనే పంచితే చాలా లాప్‌టాప్‌లలో ఒకే రేడియో, ఒకే ఛానల్ మీద రెండు పనులూ చేయాలి. స్పీడ్ సగానికి సగం పడిపోతుంది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చేదాకా తిరుమల కొండకు ఎక్కే బండ్లకూ దిగే బండ్లకూ ఒకటే రోడ్డు కదా, ఇదీ అంతే. వైరు లేని రూములో ఉండి "హాట్‌స్పాట్ స్లో" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు ముందు ఇదే చెప్తాను.

ఇక రోజంతా ఆన్‌లో పెట్టడం. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రలోకి పోతుంది, హాట్‌స్పాట్ ఆగిపోతుంది. పవర్ సెట్టింగుల్లో 'మూత వేసినా ఏమీ చేయకు' అని మార్చుకోవచ్చు. అక్కడే అసలు ముప్పు మొదలవుతుంది. మూసిన లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టేస్తారు. కింది జల్లెడ రంధ్రాలు దుప్పటికి ఆనుకుపోతాయి, గాలి ఆడదు. మే నెలలో మన ఊళ్ళో 40 డిగ్రీలు దాటుతుంది, పైగా మేడ మీది రూము. నా టేబుల్ మీదికొచ్చే అలాంటి మెషీన్ విప్పితే ఫ్యాన్‌కూ రాగి గొట్టం చివర ఉండే రెక్కలకూ మధ్య దూది, వెంట్రుకలు కలిసి చాప అల్లినట్టు పట్టి ఉంటాయి. పట్టకారతో లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది. దాని వెనకే బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి తోసేసి ఉంటుంది. ఎప్పుడూ నూరు శాతం చార్జింగ్‌లో, ఎప్పుడూ వేడిలో ఉంటే లిథియం బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటుంది. హాట్‌స్పాట్ వాడినా వాడకపోయినా అది పెట్టుకోండి.

కరెంటు లెక్క కూడా చూడండి. లాప్‌టాప్ సగటున 20 వాట్లు లాగుతుందనుకున్నా, 24 గంటలూ ఉంచితే నెలకు 14 యూనిట్ల పైమాటే. చిన్న రౌటర్‌కు 6 వాట్లు వేసుకుంటే నాలుగున్నర యూనిట్ల లోపు. పీజీలో సబ్ మీటరు ఉంటే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

నా మాట: అవసరానికి లాప్‌టాప్, రోజుకు రౌటర్.

చంద్రగిరి_డిగ్రీ

అన్నా, మీరు చెప్పింది పరుపు మీద పెట్టేవాళ్ళ సంగతి. టేబుల్ మీద, మూత తెరిచి, స్క్రీన్ మాత్రమే ఆఫ్ అయ్యేలా పెడితే? ఇంకోటి, కరెంటు పోతే రౌటర్ వెంటనే ఆగిపోతుంది, లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది.

కొర్లగుంట_సర్వీస్

టేబుల్ మీద పెడితే వేడి బాధ చాలావరకు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కరెంటు మాట మాత్రం నిలవదు. కరెంటు పోతే కింద ఉన్న ఫైబర్ బాక్సు కూడా ఆగిపోతుంది. లాప్‌టాప్ హాట్‌స్పాట్ వెలుగుతూనే ఉంటుంది, లోపల నెట్ ఉండదు. ఫైబర్ బాక్సుకూ రౌటర్‌కూ 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకుంటేనే దానికి మందు.

తిరుచానూరు_ఇంటిపని

నేను లాప్‌టాప్ హాట్‌స్పాట్ పక్షమే, కానీ వేరే కారణానికి. ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తాను. ఫైబర్ తెగినప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కు పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తాను. అక్కడి నుంచి హాట్‌స్పాట్ ఇస్తే మా చెల్లెలి ఆన్‌లైన్ క్లాసు, నా మీటింగు రెండూ నడుస్తాయి. నేరుగా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే ఫోన్ పెనంలా కాలిపోతుంది, చార్జింగ్ దిగిపోతుంది. ఇలా అయితే వైరులోనే చార్జ్ కూడా ఎక్కుతూ ఉంటుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు జనం పోటెత్తితే మా వైపు మొబైల్ డేటా నత్తనడక నడుస్తుంది. అప్పుడు ఈ ఉపాయమూ పారదు, వైరు నెట్ ఉన్న ఇల్లే దిక్కు. ఇంటికి చుట్టాలు వచ్చి కొండకు పోయే ముందు టికెట్ ప్రింటు తీయాలన్నా, ఆస్పత్రిలో అమ్మ దగ్గర కూర్చుని ఇద్దరం పని చేసుకోవాలన్నా లాప్‌టాప్ హాట్‌స్పాట్ ఎంతో అక్కరకొచ్చింది. దాన్ని తీసిపారేసినట్టు మాట్లాడొద్దని నా మనవి.

కానీ తమ్ముడూ, నీ సమస్య హాట్‌స్పాట్ కాదు. నీ లాప్‌టాప్ నీ చదువు వస్తువు. దాన్ని రూములో వదిలి వెళ్ళమని అడిగే హక్కు వాళ్ళకు లేదు. నువ్వు మొహమాటానికి ఒప్పుకుంటే రేపు "అప్‌డేట్ పెట్టకు, రీస్టార్ట్ అయితే నా మాక్ టెస్టు పోతుంది" అని కూడా అంటారు.

బైరాగిపట్టెడ_మేడమీద

ఆ మాట ఇప్పటికే అన్నారక్కా.

పద్మావతిపురం_హాస్టల్

నేను ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్తాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

లాగిన్ ఒకరి పేరు మీద ఇస్తాం. దాని వెనక హాట్‌స్పాట్ పెడితే నలుగురు చేసే పనీ బయటికి ఒక్కరి పనిగానే కనిపిస్తుంది. లాప్‌టాప్ లోపల వాళ్ళకు 192.168.137 తో మొదలయ్యే అడ్రసులు వేరు వేరుగా ఇస్తుంది గానీ, మా నెట్ రికార్డులో కనిపించేది ఆ లాప్‌టాప్ ఒక్కటే. ఎవరు ఏ సైటుకు వెళ్ళారో తర్వాత చూసుకుందామంటే విండోస్ హాట్‌స్పాట్ ఆ లెక్కేమీ దాచదు. ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నవాళ్ళ డివైస్ పేర్లు చూపిస్తుంది, అంతే.

2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వచ్చిన మెయిల్ ఐపీ అడ్రస్‌ను, అంటే ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో చెప్పే నంబరును పట్టుకుని పోతే, అది నవీ ముంబైలో ఒక అద్దె ఇంటి వై-ఫైకి తేలింది. ఆ ఇంట్లో ఉన్నాయనకు ఏ సంబంధమూ లేదు. అయినా సోదాలూ విచారణా తప్పలేదు. మన రూముల్లో అంత జరగదు, నిజమే. కానీ ఎవరో ఒకరు సోషల్ మీడియాలో ఫేక్ అకౌంట్ తెరిచి ఒక అమ్మాయిని వేధించారనుకోండి. ముందు తలుపు తట్టేది లాగిన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళదే. తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పాల్సింది మాలాంటి వాళ్ళం. ఆ భయం మీకు అర్థం కావాలి.

కొందరు ఓనర్లు రూముల్లో రౌటర్ వద్దంటారు, దానికీ కారణం ఉంది. మా దగ్గర ఒక రూములో పిల్లలు సొంతంగా రౌటర్ తెచ్చి పెట్టారు. ఆ సాయంత్రం అంతస్తు మొత్తం నెట్ పోయింది. ఫోన్లకు వై-ఫై గుర్తు ఉంది, నెట్ లేదు. మర్నాడు టెక్నీషియన్ వచ్చి గది గదీ వైరు పీకి చూస్తే గానీ దొరకలేదు.

కొర్లగుంట_సర్వీస్

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం, దానికి కారణమూ చెప్తాను. రౌటర్ వెనక ఒక పోర్టు వేరుగా ఉంటుంది. చాలావాటికి నీలం రంగు, పక్కన 'వాన్' అని రాసి ఉంటుంది. గోడలోంచి వచ్చే వైరు దానికే పెట్టాలి. తెలియక మిగతా నాలుగు పోర్టుల్లో ఒకదానికి పెడితే, ఆ చిన్న రౌటర్ బిల్డింగ్ మొత్తానికి తానే అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. పక్క రూముల ఫోన్లు అసలు రౌటర్‌ను వదిలేసి దీని మాట వింటాయి. అందరి నెట్టూ పోతుంది. ఓనర్ కోపంలో తప్పు లేదు. కానీ దానికి రౌటర్‌ను నిషేధించనక్కర్లేదు, వైరు సరైన పోర్టులో ఉందా లేదా ఒక్కసారి చూసుకుంటే చాలు.

చంద్రగిరి_డిగ్రీ

మేడమ్ గారికి ఒక ప్రశ్న. రౌటర్ పెట్టినా బయటికి ఒకే డివైస్‌గానే కదా కనిపించేది? మరి లాప్‌టాప్ వద్దు, రౌటర్ ముద్దు అనడంలో న్యాయమేముంది? బాధ్యత లెక్కలో రెండూ ఒకటే.

పద్మావతిపురం_హాస్టల్

మంచి ప్రశ్న. రెండూ ఒకటి కావు బాబూ. రౌటర్‌ను ఓనర్‌కు చెప్పి, రూము పేరు మీద, నలుగురి పేర్లూ రాయించి పెడితే బాధ్యత నలుగురిదీ అవుతుంది. ఒకరి లాప్‌టాప్ మీద నడిస్తే ఆ ఒక్కరిదే. రౌటర్ కొన్నంత మాత్రాన బాధ్యత మారదు, చెప్పి పెట్టడం వల్ల మారుతుంది. చెప్పకుండా పెట్టిన రౌటర్ కంటే చెప్పి పెట్టిన హాట్‌స్పాటే నయం.

కొర్లగుంట_సర్వీస్

ఒక తేడా ఇంకా ఉంది. హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయినవాళ్ళు నీ లాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లోనే కూర్చుంటారు. నువ్వెప్పుడో ఫోల్డర్ షేరింగ్ ఆన్ చేసి మరిచిపోయి ఉంటే అది వాళ్ళకు అందుబాటులో ఉన్నట్టే. వాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళ ఫోన్లలో ఏ యాప్ ఉందో ఎవరికి తెలుసు? చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది, విండోస్ హాట్‌స్పాట్‌లో అలాంటి విడి గది లేదు.

తిరుచానూరు_ఇంటిపని

చంద్రగిరి తమ్ముడూ, డబ్బు గురించి నువ్వన్నది నేను కాదనను. కానీ మామూలు రౌటర్ వెయ్యి, పన్నెండు వందల్లో వస్తుంది. నలుగురికీ తలా మూడు వందలు. లాప్‌టాప్ బ్యాటరీ పోతే ఆ ఖర్చు నలుగురూ పంచుకుంటారా? అది రాసి ఇస్తారేమో అడుగు. లాభం నలుగురిదీ, నష్టం ఒక్కడిదీ అయినప్పుడు దాన్ని పంచుకోవడం అనకూడదు.

చంద్రగిరి_డిగ్రీ

అక్కా, బ్యాటరీ ఖర్చు పంచుకోవాలన్నది న్యాయమే, మా రూములో కూడా అడుగుతాను. అయినా నా మాట మీద నేనున్నాను. మూడు వందలు కూడా భారమైన రూములు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. యూనివర్సిటీ చుట్టూ, బాలాజీ కాలనీ సందుల్లో తిరిగి చూడండి. కోచింగ్ ఫీజు, రూము అద్దె కట్టాక చేతిలో ఏమీ మిగలదు. వాళ్ళకు ఒకరి లాప్‌టాపే ఆన్‌లైన్ క్లాసు. టేబుల్ మీద పెట్టి, చార్జింగ్ 80 దగ్గర ఆపి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి వాడుకుంటే తప్పేమీ లేదు. లాప్‌టాప్ ఉన్నవాడు బయటికి వెళ్తే నెట్ ఉండదు, అది అందరూ ఒప్పుకోవాలి. అంతవరకు నేనూ మీతోనే.

బైరాగిపట్టెడ_మేడమీద

అందరికీ థాంక్స్. మేడమ్ గారి మాట మా వాళ్ళకు చదివి వినిపించాను. లాగిన్ నా పేరు మీద ఉందన్న సంగతి వాళ్ళకు అప్పటిదాకా తట్టనే లేదు. తర్వాత నలుగురం వెళ్ళి ఓనర్‌ను అడిగాం. ముందు వద్దన్నారు. వైరు వాన్ పోర్టుకే పెడతామని, కావాలంటే ఆయన మనిషే వచ్చి చూసుకోవచ్చని చెప్తే సరేనన్నారు. నలుగురి పేర్లూ, ఫోన్ నంబర్లూ పుస్తకంలో రాయించుకున్నారు. రౌటర్ వచ్చేదాకా సాయంత్రం నేను రూములో ఉన్నప్పుడు మాత్రం హాట్‌స్పాట్ ఇస్తానని చెప్పాను.

రెండు సందేహాలు. లాగిన్ పేజీ రౌటర్‌లో ఎలా వస్తుంది? పక్క రూము వాళ్ళు నెలకు వందిస్తాం, పాస్‌వర్డ్ చెప్పమంటున్నారు. ఇవ్వొచ్చా?

కొర్లగుంట_సర్వీస్

రౌటర్ వై-ఫైకి ఏ ఫోనైనా కలిపి బ్రౌజర్ తెరిస్తే లాగిన్ పేజీ వస్తుంది, ఒకరు కొడితే అందరికీ తెరుచుకుంటుంది. ఓనర్ లాగిన్ సిస్టమ్ నీ లాప్‌టాప్ మ్యాక్ అడ్రసునే (ప్రతి మెషీన్‌కూ ఉండే సొంత నంబరు) గుర్తుపెట్టుకుని రౌటర్‌ను రానివ్వకపోతే ఓనర్ మనిషికి చెప్పి రౌటర్ అడ్రసు ఎక్కించుకో. డబ్బా తెరవగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు. అది వేరు, వై-ఫై పాస్‌వర్డ్ వేరు.

పద్మావతిపురం_హాస్టల్

పక్క రూముకు ఇవ్వొద్దు బాబూ. డబ్బు తీసుకుంటే అసలే వద్దు. కనెక్షన్ షరతుల్లో తిరిగి అమ్మకూడదని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఇరుకున పడేది మీ ఓనర్. వై-ఫై అమ్ముకునే పద్ధతి కావాలంటే 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వై-ఫై పథకం కింద చిన్న దుకాణాలు కూడా పెట్టుకోవచ్చు, కానీ అది రూములో పాస్‌వర్డ్ చెప్పి వంద తీసుకోవడం కాదు. వాళ్ళనూ వెళ్ళి ఓనర్‌నే అడగమను, వాళ్ళ రూముకూ వైరు ఉంది కదా.