జూలై చివర్లో గానీ నవంబర్లో గానీ సెలవు దొరుకుతుంది, ఏ దీవికి వెళ్తే మంచిది?

సంధ్యారాగం:
అందరికీ నమస్కారం అండి. పెళ్లైన కొత్తలో ఒక దీవికి వెళ్లి ఐదు రోజుల్లో మూడు రోజులు హోటల్ గదిలోనే కూర్చున్నాం, బయట ఒకటే గాలీ వానా, బోట్లన్నీ క్యాన్సిల్. పదేళ్ల తర్వాత మళ్లీ ధైర్యం చేస్తున్నాం, ఈసారి మా అమ్మ, ఆరేళ్ల పాప కూడా వస్తున్నారు. నాకు సెలవు జూలై ఆఖరి వారం లేకపోతే నవంబర్ రెండో వారం, రెండిట్లో ఒకటే. మాల్దీవులు, బాలి, మారిషస్, థాయ్‌లాండ్ చూస్తున్నాం. ఒక సైట్లో ఏడాది పొడుగునా వెళ్లొచ్చు అని ఉంటుంది, ఇంకో సైట్లో అదే నెల వానాకాలం అని ఉంటుంది, ఎవర్ని నమ్మాలో తెలీట్లేదు. మాకు కావాల్సింది పెద్దగా ఏం లేదండి, పాప నీళ్లల్లో భయం లేకుండా ఆడుకోవాలి, మాస్క్ పెట్టుకుని నాలుగు చేపలు చూడాలి. అమ్మకి పడవెక్కితే చాలు కళ్లు తిరిగి వాంతులు. ఏ నెల, ఏ దీవి తీసుకోమంటారు?

గాలివాటు:
సంధ్య గారూ, మీరు నెల దగ్గర నుంచి మొదలుపెట్టడం మంచిపని, చాలామంది ముందు దీవి బుక్ చేసేసి తర్వాత సీజన్ చూస్కుంటారు. అన్ని దీవులకీ కలిపి ఒక మంచి సీజన్ అంటూ ఉండదు. భూమధ్యరేఖకి పైన ఉందా కింద ఉందా, ఆ నెలలో గాలి ఎటునుంచి వస్తుంది, వచ్చేటప్పుడు సముద్రం మీదుగా వస్తుందా ఎండునేల మీదుగా వస్తుందా, అంతా వీటి మీదే ఉంటుంది.

బాలి దక్షిణాన 8 డిగ్రీల దగ్గర ఉంది. జూలైలో అక్కడికి గాలి ఆస్ట్రేలియా ఎండునేల వైపు నుంచి వస్తుంది కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. డిసెంబర్, జనవరిలో గాలి తిరగబడి వాయవ్యం నుంచి తడి మోసుకొస్తుంది, అప్పుడు వానలు. అందుకే మీ జూలైకి బాలి సరిపోతుంది, నవంబర్ అంటే వానలు మొదలయ్యే టైం.

మాల్దీవులు దీనికి దాదాపు ఉల్టా. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య గాలి, ఎండ, అద్దంలాంటి నీళ్లు. మే నుంచి అక్టోబర్ నైరుతి, అలలు పెద్దవి, గాలి ఎక్కువ. నవంబర్ మధ్యలో ఉంటుంది, ఒక వారం బ్రహ్మాండంగా ఉండి ఇంకో వారం ముసురు పట్టొచ్చు.

థాయ్‌లాండ్ దగ్గర మాత్రం జాగ్రత్తండి, అది ఒకటే దేశమైనా రెండు సముద్రాలు. ఫుకెట్, క్రాబి అండమాన్ సముద్రం వైపు, నైరుతి గాలి నేరుగా వచ్చి కొడుతుంది, జూలైలో బీచ్‌ల్లో ఎర్ర జెండాలు, లోపలికి లాగేసే ప్రవాహాలు. అటువైపే ఉన్న సిమిలాన్ దీవుల్ని ఐతే మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు మూసే ఉంచుతారు. అదే జూలైలో అటుపక్క థాయ్‌లాండ్ గల్ఫ్‌లో ఉన్న కో సముయి దీవి బాగుంటుంది. నవంబర్ వచ్చేసరికి ఈశాన్య గాలి గల్ఫ్ మీదుగా తడి లాక్కుని సముయి మీద కుమ్మరిస్తుంది, సముయికి ఎక్కువ వాన పడే నెల అదే. అప్పుడు ఫుకెట్ తేరుకుంటూ ఉంటుంది. "థాయ్‌లాండ్‌కి నవంబర్ బెస్ట్" అన్న మాట నమ్మి సముయి బుక్ చేసి ఏడ్చినవాళ్లని నాకు తెలుసు.

శ్రీలంక కూడా ఇంతే, నైరుతి తీరానికి డిసెంబర్ నుంచి మార్చి, తూర్పున ట్రింకోమలీ వైపుకి మే నుంచి సెప్టెంబర్. మీ లిస్టులో లేదుగానీ జూలైకి మీకు అదీ ఒక దారి.

తడిసినకాగితం:
పైన చెప్పినవన్నీ కరెక్టే గానీ వానాకాలం అనగానే అంత భయపడక్కర్లేదు అనేది నా మాట. మేం ఆగస్టులో మాల్దీవులు వెళ్లాం, ఎనిమిది రోజుల్లో ఒక్క రోజు మాత్రమే పొద్దున్నించి సాయంత్రం దాకా ముసురు, మిగతా రోజులు గంటసేపు దంచి కొట్టి ఆగిపోయేది, వెంటనే ఎండ. జనం లేరు, రేట్లు బాగా తక్కువ. పైగా అక్కడ బా అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు దీవుల గుంపు)లో హనిఫారు బే అని ఒకటి ఉంది, జూన్ నుంచి నవంబర్ మధ్య ప్లాంక్టన్ (నీళ్లల్లో తేలే సూక్ష్మజీవులు) కోసం మంటా రేలు, అంటే రెక్కల్లా చాచుకుని ఈదే పెద్ద చేపలు, గుంపులుగా వస్తాయి, నైరుతి కాలంలోనే ఈ భాగ్యం, పొడి కాలంలో వెళ్తే దొరకదు. అక్కడ స్కూబా (సిలిండర్‌తో లోతుకి దిగడం) చెయ్యనివ్వరు, స్నార్కెల్ (మాస్కూ గొట్టం పెట్టుకుని పైపైన తేలుతూ చూడడం) మాత్రమే. నేను నీళ్లల్లో తల పెట్టగానే కింద నుంచి ఒకటి నోరు తెరుచుకుని మెల్లగా వచ్చింది, ఊపిరి తీస్కోవడం కూడా మర్చిపోయాను, ఇప్పుడు రాస్తున్నా ఒళ్లు జలదరిస్తుంది.

కాకపోతే స్పీడ్‌బోట్ ప్రయాణం మాత్రం నలభై నిమిషాలు ఎగిరెగిరి పడ్డాం. మీ అమ్మగారి సంగతి చదివాక నేను కూడా ఆ నెలలో మాల్దీవులు వద్దనే అంటాను.

సంధ్యారాగం:
థాంక్యూ అండి ఇద్దరికీ, ఒక్క రోజులో ఇంత తెలుస్తుందనుకోలేదు. ఐతే జూలై అంటే బాలి, నవంబర్ అంటే మీరు ఇంకా ఏమీ చెప్పని మారిషస్, ఈ రెండిటి మధ్యే ఇప్పుడు. మారిషస్‌కి నవంబర్ నుంచే తుఫాన్ల సీజన్ అని చదివి గుండె జారింది. మాల్దీవులకి తుఫాన్లు రావు, మారిషస్‌కి వస్తాయి అంటున్నారు, రెండూ అదే సముద్రం కదా, ఎందుకలా?

పోటుపాటు:
తుఫాను సుడి తిరగాలంటే భూభ్రమణం వల్ల వచ్చే కొరియాలిస్ బలం కావాలండి. భూమధ్యరేఖ దగ్గర అది దాదాపు సున్నా, అందుకే రెండు వైపులా 5 డిగ్రీల లోపు తుఫాన్లు పుట్టడం చాలా అరుదు. మాల్దీవుల్లో చాలా భాగం అక్కడే ఉంది. మారిషస్ దక్షిణాన 20 డిగ్రీల దగ్గర, అంటే తుఫాన్లు నడిచే దారిలోనే. లెక్క ప్రకారం సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్, కానీ అసలు జోరు జనవరి నుంచి మార్చి వరకు. నవంబర్ రెండో వారం అంటే సముద్రం అప్పుడప్పుడే వేడెక్కుతుంటుంది, నేనైతే ఆ వారానికి భయపడను. ఫిబ్రవరి అని ఉంటే వద్దని చెప్పేవాడ్ని.

అదే కరీబియన్‌లో చూడండి, జూన్ 1 నుంచి నవంబర్ 30 హరికేన్ (అక్కడి తుఫాన్లు) సీజన్ అంటారు, ఎక్కువ బాదేది ఆగస్టు నుంచి అక్టోబర్, శిఖరం సెప్టెంబర్ 10 చుట్టూ. అందుకని సీజన్ మొదటి తేదీ, ఆఖరి తేదీ చూసి నిర్ణయం తీసుకోకండి, మధ్యలో శిఖరం ఎక్కడుందో చూడండి.

ఇంకో సంగతి, మారిషస్‌లో జూలై చలికాలం. మంచు గించు ఏం ఉండదు గానీ ఆగ్నేయం నుంచి గాలి ఆగకుండా వీస్తుంది, తూర్పు తీరంలో నిలబడితే వణుకొస్తుంది, నీళ్లు కూడా చల్లగా 23 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఆరేళ్ల పిల్ల పది నిమిషాల్లో బయటికి పరిగెత్తుకొచ్చేస్తుంది. నవంబర్లో ఆ గాలి తగ్గి నీళ్లు వెచ్చబడతాయి. ఏ నెలైనా గాలి చాటు వైపు అంటే పశ్చిమం, వాయవ్యం తీస్కోండి, ఫ్లిక్ అన్ ఫ్లాక్, ట్రూ ఓ బిష్ లాంటివి.

అందరూ వాన మిల్లీమీటర్లే చూస్తారు, గాలి ఎవరూ చూడరు, నా బాధంతా అదే. వాన గంటలో పోతుంది, గాలి వారమంతా ఉంటే నీళ్లు బురదలా మారి చేప కాదు కదా మీ చెయ్యి కూడా మీకు కనపడదు. క్లైమేట్ టేబుల్ చూసేటప్పుడు ఎంత వాన పడింది, ఎన్ని రోజులు పడింది రెండూ చూడండి, నెలకి 200 మిల్లీమీటర్లు పది సాయంత్రాల్లో పడితే మీకు ఇబ్బందే ఉండదు. ఇక ఫోన్లో యాప్ చూసి ఏడు రోజులూ మబ్బూ ఉరుమూ బొమ్మలున్నాయని కంగారుపడకండి, ఉష్ణమండలంలో మధ్యాహ్నం ఎక్కడో ఒక చోట జల్లు పడే అవకాశం ఉన్నా ఆ బొమ్మే పెడతారు.

గాలివాటు:
పోటుపాటు గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతా. బాలి జూలైలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది గానీ సముద్రం వేరే కథ. దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చే పెద్ద అలలు ఆ నెలల్లోనే ఎక్కువ, సర్ఫింగ్ వాళ్లు కుటా, ఉలువాటు వెళ్లేది అందుకే, చిన్నపిల్లకి అవి పనికిరావు. సానుర్, నూసా దువా వైపు పగడపు దిబ్బ అడ్డం ఉంటుంది కాబట్టి ప్రశాంతం, కాకపోతే బాలిలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకీ పాటుకీ రెండు మీటర్ల పైనే తేడా, పాటు టైంలో నీళ్లు దూరంగా వెళ్లిపోయి మోకాలు కూడా తడవదు. మారిషస్‌లో ఆ తేడా మీటరు లోపే. లగూన్‌లో, అంటే పగడపు దిబ్బకీ ఒడ్డుకీ మధ్య నీళ్లల్లో, పొద్దున ఎంత లోతో సాయంత్రం దాదాపు అంతే. మంచి చేపల కోసం బాలిలో చాలామంది పక్కనున్న నూసా పెనిడా దీవికి బోట్ ఎక్కుతారు, జూలై ఆగస్టుల్లో ఆ మధ్యనున్న సముద్రపు పాయ బాగా కుదుపుతుంది. మారిషస్‌లో ఐతే కొన్ని బీచ్‌ల్లో ఒడ్డు నుంచి నడిచి దిగినా చేపలు కనిపిస్తాయి, అమ్మగారు పడవ ఎక్కే పనే లేదు.

తడిసినకాగితం:
అవునండి, ఆ పడవ ఒక్కటి తీసేస్తే చాలు. జూలై ఆగస్టులో బాలి అంటే సగం ప్రపంచం అక్కడే ఉంటుంది, ట్రాఫిక్‌లో పాప అలిసిపోతుంది. నేను కూడా నవంబర్ వైపే.

సంధ్యారాగం:
ఇంట్లో అందరికీ చదివి వినిపించాను, నవంబర్ రెండో వారం మారిషస్, పశ్చిమ తీరం ఖాయం చేశాం. "పడవ లేదా, ఐతే నేను రెడీ" అంది అమ్మ. ఎప్పుడైనా డేట్లు మార్చుకునేలా ఉన్న టికెట్లే తీస్కుంటున్నాం, తుఫాన్ భయం పూర్తిగా పోలేదు మరి. పాపకి ఏమైనా ప్రత్యేకంగా కొనాలా?

పోటుపాటు:
మంచి నిర్ణయం అండి. మాస్క్ కంటే ముందు రబ్బరు అడుగున్న నీళ్ల చెప్పులు కొనండి, కాలికి గట్టిగా పట్టేవి. లగూన్‌లో సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు), రాయిలా కనపడే స్టోన్‌ఫిష్ ఉంటాయి, తొక్కితే నొప్పి భరించలేం, విషం కూడా. పాపకే కాదు, నలుగురికీ కొనండి. చేతులు మెడ కప్పే ఈత చొక్కా కూడా తీస్కోండి, ఆ నెలలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, మబ్బున్నా వీపు కాలిపోతుంది. మాస్క్ మాత్రం ఇక్కడే ఒకసారి బకెట్లో నీళ్లు పోసి పాప మొహానికి సరిపోయిందో లేదో చూసి తీస్కెళ్లండి, అక్కడికెళ్లాక నీళ్లు కారితే ఇక దిగనంటుంది.