"ఫెల్ టెంప్ రెపరాటియో": ఇందులో "మంచి" దేనికి చెందుతుంది?

నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేల బొరుసు మీద కనిపించే ఈ మూడు లాటిన్ ముక్కలకి తెలుగు ఏమిటని మొన్న ఇక్కడ అడిగారు కదా, చాలామంది "మంచి రోజుల పునరుద్ధరణ" అన్నారు. అర్థం తప్పేం కాదు. కానీ పునరుద్ధరణ అనేది పేపర్లో కరెంటు సరఫరాకీ చెరువులకీ వాడే మాట, నాకు మింగుడు పడలేదు.

క్రీ.శ. 348 ప్రాంతంలో, అన్నదమ్ములు రెండవ కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ చక్రవర్తులుగా ఉన్నప్పుడు ఈ నాణేలు మొదలయ్యాయి. చిన్న నాణెం, చోటు చాలదు, అందుకే మాటల్ని కత్తిరించారు. "టెంప్" అంటే టెంపోరుమ్, కాలాల యొక్క. "రెపరాటియో" అంటే బాగుపడటం, తిరిగి రావడం. పేచీ "ఫెల్" దగ్గరే. ఫెలిక్స్ అని పూరిస్తే "కాలాలు శుభంగా బాగుపడటం", ఫెలికియుమ్ అని పూరిస్తే "శుభకాలాలు తిరిగి రావడం". అచ్చం మన "పాత పుస్తకాల కొట్టు" లాంటిదే: పాతవి పుస్తకాలా, కొట్టా? తెలుగులో విశేషణానికి విభక్తి అంటదు కాబట్టి మనకి ఈ చిక్కు ఎప్పుడూ ఉండేదే, లాటిన్‌లో మాట చివర చూస్తే తేలిపోతుంది. ఆ చివరనే కోసేశారు!

ఇంకోటి. పళ్ళు కాసే చెట్టుని కూడా రోమన్లు ఫెలిక్స్ అనేవారు. అందుకని నాకు "సుభిక్షం" దగ్గరగా అనిపిస్తుంది.

— బొరుసు మీద బొమ్మ చూశారా అండీ? ఎక్కువ నాణేల మీద సైనికుడు గుర్రం మీంచి పడిన శత్రువుని ఈటెతో పొడుస్తుంటాడు. సుభిక్షం ఎలా కుదురుతుంది?

— నిజమే, ఆ బొమ్మకి కుదరదండీ, ఒప్పుకుంటున్నాను. అక్కడ మంచి కాలమంటే శత్రువు కూలిన కాలం. కానీ ఇదే మాటతో వేరే బొమ్మలూ ఉన్నాయి: ఓడలో నిలబడ్డ చక్రవర్తి, చుక్కాని పట్టిన విజయదేవత, గుడిసెలోంచి ఒక చిన్న మనిషిని చెయ్యి పట్టి తీసుకొస్తున్న సైనికుడు, గోళం మీద ఫీనిక్స్ పక్షి. కాలి బూడిదై మళ్ళీ పుట్టే పక్షి కాబట్టి "రెపరాటియో"కి దాన్ని మించిన బొమ్మ లేదు. వీటన్నిటికీ సరిపోవాలంటే సుభిక్షం వదిలేసి "మళ్ళీ మంచి కాలం" అంటాను. లాటిన్‌లోనూ క్రియ లేదు, మనకీ అక్కర్లేదు.