జిగ్ ప్రోగ్రామింగ్ భాషలో రెండు అలొకేటర్లు ఒకటేనా అని తేల్చేదెలా?

ప్రశ్న
జిగ్ 0.15 నుంచి అరేలిస్ట్ (పెరిగే జాబితా) తన లోపల అలొకేటర్‌ను (మెమరీ ఇచ్చి, తిరిగి తీసుకునేదాన్ని) ఉంచుకోవట్లేదు కదా. అపెండ్‌కీ (చేర్చడానికి), డీఇనిట్‌కీ (మెమరీ వదిలేయడానికి) ప్రతిసారీ మనమే ఇవ్వాలి. పొరపాటున వేరేది ఇస్తే కొంప మునుగుతుంది. డీబగ్ బిల్డులో మొదట వచ్చినదాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాతిది అదేనా అని అసర్ట్ (తప్పైతే ప్రోగ్రామ్‌ని ఆపేసే తనిఖీ) పెడదామనుకుంటున్నా. == రాస్తే కంపైలర్ ఒప్పుకోలేదు. స్టాండర్డ్ లైబ్రరీలో విలువల్ని పోల్చే మెటా.ఈక్యూఎల్ వాడొచ్చా?

జవాబు 1
అలొకేటర్ లాంటి మామూలు స్ట్రక్టుల (ఫీల్డుల కట్టల) మీద == నడవదు. అలొకేటర్‌లో ఉన్నవి రెండే పాయింటర్లు: స్థితికి పీటీఆర్, ఫంక్షన్ల పట్టికకు వీటేబుల్. ఈక్యూఎల్ ఆ రెండు అడ్రసుల్నీ పోలుస్తుంది. వీటేబుల్ ఒక్కటే చూసి వదిలేయకండి, ఏ రెండు అరీనాలకైనా (ఇచ్చిన మెమరీనంతా చివర్లో ఒకేసారి వదిలే అలొకేటర్లకి) అది ఒకటే.

జవాబు 2
పై జవాబు అరీనాకీ డీబగ్ అలొకేటర్‌కీ సరే. పేజ్ అలొకేటర్, సీ అలొకేటర్, 0.14లో వచ్చిన ఎస్ఎంపీ అలొకేటర్ లాంటివాటి దగ్గర చిక్కు. వీటి పీటీఆర్ అన్‌డిఫైన్డ్, అంటే దానికి విలువే ఇవ్వలేదు. డీబగ్‌లో రెండు వైపులా 0xAA బైట్లే ఉండి అసర్ట్ పాసైనట్టు కనబడొచ్చు, వేగం కోసం చేసే రిలీజ్‌ఫాస్ట్ బిల్డులో మాత్రం ఆ పోలిక ఎటు తేలుతుందో చెప్పలేం.

కాబట్టి ముందు వీటేబుల్ చూడండి. వేరైతే ఫాల్స్. ఒకటే అయి, అది ఇలాంటివాటిలో ఒకదానిదైతే పీటీఆర్ జోలికి పోకుండా ట్రూ. మిగతావాటికే పీటీఆర్ పోల్చండి. లిబ్‌సీ (సీ భాష లైబ్రరీ) లింక్ చేయని బిల్డులో సీ అలొకేటర్ పేరెత్తితే కంపైల్ ఎర్రర్, సింగిల్ థ్రెడ్ బిల్డులో ఎస్ఎంపీకీ అంతే. ఆ రెండు పోలికల్నీ కంపైల్ సమయంలోనే తేలే కాంప్‌టైమ్ ఇఫ్‌లో పెట్టాలి. బయటి లైబ్రరీవాళ్లు కూడా పీటీఆర్‌ను అన్‌డిఫైన్డ్‌గా వదిలేసి ఉంటే ఈ జాబితాకి తెలిసే దారి లేదు.

జవాబు 3
ఇంకో మాటండీ. పోలిక ఫాల్స్ అన్నంత మాత్రాన ఫ్రీ చేయడం తప్పని కాదు. 0.15లో ఫిక్స్‌డ్ బఫర్ అలొకేటర్ (మనమిచ్చిన బఫర్‌లోంచే మెమరీ ఇచ్చేది) ఇచ్చే మామూలు రూపానికీ థ్రెడ్‌సేఫ్ (ఒకేసారి చాలా థ్రెడ్లు వాడగల) రూపానికీ బఫరూ పీటీఆరూ ఒకటే, వీటేబుల్ వేరు. అదే 0.15లో ఏ అలొకేటర్‌కైనా పైన థ్రెడ్‌సేఫ్ ర్యాపర్ తొడిగినా పీటీఆర్ మారుతుంది, మెమరీ మాత్రం లోపలి అలొకేటర్‌దే. సరైన కోడ్ మీదే అసర్ట్ పేలుతుంది.

దీనికన్నా టెస్టుల్లో టెస్టింగ్ అలొకేటర్ ఇవ్వడం మేలు. తనది కాని మెమరీ ఫ్రీకి వస్తే ఇన్‌వాలిడ్ ఫ్రీ అని పానిక్ అవుతుంది. తన మెమరీ పొరపాటున ఫ్రీ కోసం అరీనాకి పోతే అరీనా చప్పుడు చేయదు, కానీ టెస్ట్ చివర లీక్ (వదలకుండా మిగిలిన మెమరీ) కింద బయటపడుతుంది. అసలు కోడ్‌లోనైతే లిస్టు ఉన్న స్ట్రక్టులోనే అలొకేటర్‌ని ఒక ఫీల్డుగా పెట్టుకోండి. ఖర్చు రెండు పాయింటర్లు, 64 బిట్ మెషీన్ మీద 16 బైట్లు.