డిసెంబరు 25 భోజనాలు: కొత్తగా వచ్చిన పిల్లలకు ఏర్పాట్లు

సమన్వయకర్త (సెలవులో, విజయనగరం నుంచి):
ఇక్కడ రోజూ ఎవరో ఒక తల్లో తండ్రో ఇంటికి వస్తున్నారు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి సెప్టెంబరులో చదువుకని ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ చేరిన పిల్లలకు ఇది అక్కడ తొలి క్రిస్మస్. పండుగ నాడు ఊరంతా సందడిగా ఉంటుందని వాళ్ల ఊహ. ఆ సందడి 24 సాయంత్రానికే సర్దుకుంటుందని మనకు తెలుసు. ఇక్కడ పైడితల్లమ్మ జాతరలో సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇసుక వేస్తే రాలదు. లీసెస్టర్‌లో క్రిస్మస్ పూట వీధిలో మనిషి కనబడడు. ఎవరి ఇంట్లో వాళ్లు తలుపులు వేసుకుని చేసుకునే పండుగ అది. పిలిచే ఇల్లు లేనివాళ్లకు ఆ ఒక్కరోజూ గడవదు. అందుకని భోజనాలు 25నే పెడదాం. సంక్రాంతి వేడుకతో కలిపేద్దామన్న మాట నాకు నచ్చలేదు.

హాలు చూసే తమ్ముడు:
అన్నయ్యా, కమ్యూనిటీ హాలు ఆ రోజు ఖాళీగానే ఉందట. మాట్లాడేయమంటారా?

కార్ల ఏర్పాటు చూసే అక్క:
హాలు ఖాళీగానే ఉంటుంది తమ్ముడూ, అక్కడికి చేరేదెలా? 25న రైళ్లు తిరగవు, బస్సులూ దాదాపు ఉండవు. 24న రైళ్లు పెందలాడే ఆగిపోతాయి, 26న కూడా చాలా మార్గాల్లో నడవవు. ట్యాక్సీకి పిల్లల దగ్గర డబ్బెక్కడిది? మన ఇళ్లలోనే పెడదాం. చిరునామాలు పంపితే ఎవరు ఎవరిని తీసుకురావాలో నేను చూస్తాను. నాలుగింటికే చీకటి పడుతుంది కనుక పన్నెండున్నరకే విస్తళ్లు వేద్దాం.

వంటలు చూసే పిన్ని:
సరుకులు 23కే ఇంట్లో ఉండాలి. 280 చదరపు మీటర్లు మించిన దుకాణాలు క్రిస్మస్ నాడు తెరవకూడదని ఇక్కడ 2004లో చట్టమే చేశారు. వీధి చివరి చిన్న కొట్టు తీసి ఉండవచ్చు. దాన్ని నమ్ముకుని ఇంతమందికి ఎసరు పెట్టలేను. పులిహోర, దప్పళం, కోడికూర చేస్తాను. టర్కీ జోలికి పోవద్దు, ఎంత మసాలా పట్టించినా దాని చప్పదనం దానిదే. ఎవరైనా మిన్స్ పైలు, క్రిస్మస్ పుడ్డింగ్ తెస్తే డబ్బా మీద రాసింది చదవండి. లోపల ఉండేవి ఎండుపళ్లే, కాని కొన్నింటిలో గొడ్డు కొవ్వు వేస్తారు, పుడ్డింగులో బ్రాందీ కూడా. శాకాహారులకు వేరే రకాలు దొరుకుతాయి.

కొత్త విద్యార్థిని (ఆమదాలవలస):
అక్కా, మా ఇంట్లో 24 రాత్రి అందరం చర్చికి వెళ్తాం. ఇక్కడ తెలియనివాళ్లను రానిస్తారా? ఇంకొకటి, నాతో ఉండే అమ్మాయి క్రాకర్లు కొనమంటోంది. ఇంట్లో కాలిస్తే ఊరుకుంటారా?

కార్ల ఏర్పాటు చూసే అక్క:
రానిస్తారమ్మా, అర్ధరాత్రి ఆరాధనకు పిలుపు అక్కరలేదు. నేను తీసుకువెళ్లి దింపుతాను. క్రాకరంటే మన టపాకాయ కాదు. కాగితం గొట్టాన్ని చెరోవైపూ పట్టుకుని లాగితే టప్‌మంటుంది. లోపల కాగితం కిరీటం, నవ్వు రాని జోకు ఉంటాయి. ఆ కిరీటం పెట్టుకునే భోజనానికి కూర్చుంటారు, పెద్దవాళ్లతో సహా. మన పిన్నికీ ఒకటి పెడదాం.

సమన్వయకర్త:
పలాస జీడిపప్పు నా పెట్టెలో సర్దేశాను. పాలకోవా, చికెన్ పచ్చడి ఇవ్వబోయినవాళ్లను వారించాను. ఇక్కడి నుంచి పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి తేనివ్వరు. ఒక తల్లి నొచ్చుకున్నారు కూడా.

హాలు చూసే తమ్ముడు:
హాలు మాట మానేశాను. మా ఇంట్లో ఎనిమిది మందికి చోటుంది, కారులో నలుగురే పడతారు కనుక రెండుసార్లు తిరుగుతాను. పిల్లులంటే భయమున్నవాళ్లను మాత్రం పిన్ని ఇంటికి పంపండి, మా ఇంట్లో రెండున్నాయి.