ఓడిపోయినా పదవి మీద ఆశ చావని మా అన్నకు ఎలా నచ్చజెప్పాలి?

మాది తెలంగాణలో చిన్న ఊరు. మా అన్న 2019 జనవరి ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచాడు. అప్పటికి మూడెకరాల పొలం, రెండు బర్రెలు, అప్పు లేని ఇల్లు. దిగిపోయేనాటికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆరు లక్షల అప్పు. సైడు కాలువలకు చేతి డబ్బు పెట్టాడు, బిల్లు సగమే వచ్చింది. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. అది పెళ్ళిళ్ళ చదివింపులకే చాలేది కాదు.

2025 డిసెంబరులో మళ్ళీ నిలబడి ఓడాడు. అయిదు వేల లోపు జనాభా ఊళ్ళో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర. కాగితం మీద లెండి! ఇప్పుడు ఎకరం అమ్మి ఎంపీటీసీకి దిగుతానంటున్నాడు.

వదిన రోజూ నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది. నేను ఏమన్నా అంటే, "నీకు నెల జీతం వస్తుంది, నీకేం తెలుసు" అంటాడు. నిజానికి ఆయనకు డబ్బు యావ లేదు. హోటల్ దగ్గరికి వెళ్తే నలుగురూ లేచి కుర్చీ వేసేవాళ్ళు. ఇప్పుడు వేయడం లేదు. బాధంతా అదే అని నా అనుమానం.

మీ ఇళ్ళల్లో ఇలా పదవి పోయాక మళ్ళీ వ్యవసాయంలో కుదురుకున్నవాళ్ళు ఉన్నారా? ఎవరు చెబితే విన్నారు? పొలం తాత సంపాదించింది, ఇంకా పంచుకోలేదు. నేను సంతకం పెట్టనంటే అన్నదమ్ముల మధ్య మాటలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. పెట్టమంటారా, వద్దంటారా?